ధర చెప్పమన్న మాస్టారు

శనివారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే మా హాస్టల్లో కొందరు లైనప్ కంటే ముందు ధర చూస్తారు. ఉదాహరణకి సొంత గ్రౌండ్ జట్టు గెలుపు 62, డ్రా 22, అవతలి జట్టు గెలుపు 16. విదేశాల్లో నడిచే ప్రిడిక్షన్ మార్కెట్లు ఇలాంటి అంకెలు చూపిస్తాయి. 62 ఉందంటే గెలిచేసినట్టే అంటాడు ఒకడు. ఆ జట్టు ఓడిపోతే మార్కెట్‌కి ఏమీ తెలీదని తేల్చేస్తాడు ఇంకొకడు. ఇద్దరూ ఆ అంకెని జోస్యం అనుకుంటున్నారు. అది జోస్యం కాదని, మరి ఏంటో కూడా, ఇలాంటి మార్కెట్లు రావడానికి యాభై ఏళ్ళ ముందే రాసిపెట్టిన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. పేరు బ్రూనో డె ఫినెట్టి. ఇటలీ వాడు. మనలాగే ఇంజనీరింగ్‌లో చేరాడు, మనలా కాకుండా మధ్యలో మానేశాడు. ఈ సంచికకి ఆయన కథ రాద్దామని కూర్చున్నాను.

ముందు ఆ 62 సంగతి చూద్దాం. ఒక చీటీ ఉందనుకోండి. ఆ జట్టు గెలిస్తే చీటీ ఉన్నవాడికి 100 రూపాయలు వస్తాయి, గెలవకపోతే సున్నా. గెలిచే అవకాశం నూటికి 70 అనుకునేవాడికి 62 చవక, కాబట్టి కొంటాడు. 50 అనుకునేవాడికి 62 మంచి ధర, కాబట్టి అమ్ముతాడు. కొనేవాళ్ళ ఆర్డర్లు ఒక వరుసలో, అమ్మేవాళ్ళవి ఇంకో వరుసలో ఉంటాయి. రెండూ కలిసిన చోట బేరం తెగుతుంది. ఆ బేరమే తెర మీద అంకె. గోల్ పడినా, రెడ్ కార్డు వచ్చినా జనం అభిప్రాయం మారుతుంది, దాంతో ధరా మారుతుంది. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలే మా కంభం, గిద్దలూరు రైతులకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే యార్డులో బేరం అయ్యాక చేతిలో మిర్చి ఉంటుంది. ఇక్కడ అమ్మేదీ కొనేదీ ఇంకా జరగని సంగతి మీద మన నమ్మకం, అంతే.

ఎన్నికలప్పుడు మా ఊళ్ళలో అరుగుల మీద ఒకటికి రెండు అని పందేలు వినపడతాయి. అది కూడా ధరే. నేను ఒక రూపాయి పెట్టి, నువ్వు రెండు పెడితే మధ్యలో మూడు రూపాయలున్నాయి. నేను గెలిస్తే మూడూ నావి. అంటే మూడు రూపాయల చీటీని నేను రూపాయికి కొన్నట్టు, నూటికి 33 అన్నమాట. పందెం భాషని ధర భాషలోకి, ధరని సంభావ్యతలోకి మార్చడం ఇంత తేలిక. ఈ మార్పిడినే పట్టుకుని డె ఫినెట్టి సంభావ్యత అనే మాటకి పునాది నుంచి కొత్త అర్థం కట్టాడు.

ఆయన 1906 జూన్ 13న ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో పుట్టాడు. ఇటలీ కుటుంబమే. తండ్రి ఇంజనీరు, అక్కడ రైలు మార్గం పనిమీద ఉన్నాడు. బ్రూనోకి ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని తన పుట్టిల్లు ట్రెంటో ఊరికి వచ్చేసింది. పదమూడేళ్ళ వయసులో కాలి ఎముకకి ఇన్ఫెక్షన్ వచ్చి పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత జీవితాంతం కొంచెం కుంటుతూనే నడిచాడు.

1923లో మిలాన్ పాలిటెక్నిక్‌లో చేరాడు. మన దగ్గర పాలిటెక్నిక్ అంటే పదో తరగతి తర్వాత డిప్లొమా. అక్కడ అది దేశంలోనే పేరున్న ఇంజనీరింగ్ యూనివర్సిటీ. తండ్రి ఇంజనీరు, కొడుకూ ఇంజనీరు కావాలి. మన ఇళ్ళలో జరిగే కథే. కానీ కుర్రాడి మనసు లెక్కల మీదకి పోయింది. మానేస్తానంటే తల్లి కంగారు పడింది. గణితం ఎందుకు బతికున్న విషయమో, తనకి అదే ఎందుకు కావాలో తల్లికి ఉత్తరాలు రాసి ఒప్పించుకున్నాడు. మిలాన్ యూనివర్సిటీలో గణితానికి మారి 1927లో డిగ్రీ తీసుకున్నాడు. అప్పటికే, ఇరవై ఏళ్ళకే, మెండెల్ వంశపారంపర్య సూత్రాల మీద లెక్కలు కట్టి ఒక పరిశోధనా వ్యాసం అచ్చు వేయించుకున్నాడు. దాన్ని అచ్చువేసింది కొర్రాడో జీని. ఎకనామిక్స్‌లో మనం చదివే జీని కోయెఫిషియెంట్ ఈయనదే. ఆ జీనియే బ్రూనోని రోమ్‌లో కొత్తగా పెట్టిన గణాంక సంస్థలోకి తీసుకున్నాడు. 1931లో అక్కడి నుంచి ట్రియెస్టె ఊళ్ళో జెనరాలి ఇన్సూరెన్స్ కంపెనీకి మారి, 1946 దాకా అక్కడే ఉన్నాడు. పగలు కంపెనీలో ప్రీమియం లెక్కలు, మిగతా టైమ్‌లో పాఠాలు, పరిశోధన.

ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చున్నవాడికి సంభావ్యత అంటే పుస్తకంలో మాట కాదు. ఫలానా మనిషికి ఏడాదిలో ఏమైనా అవుతుందా అన్నదానికి అక్కడ ధర వేయాలి. ధర తప్పితే కంపెనీకి దెబ్బ. బీటెక్ సెకండియర్ పి అండ్ ఎస్‌లో మనం నాణెం ఎగరేసే లెక్కతో మొదలుపెడతాం. లక్షసార్లు ఎగరేస్తే సగం బొమ్మ, సగం బొరుసు. బాగానే ఉంది. మరి ఈ శనివారం మ్యాచ్ లక్షసార్లు జరగదు కదా? అదే ఆటగాళ్ళు, అదే వాన, అదే రిఫరీతో ఒక్కసారే జరుగుతుంది. అలాంటప్పుడు 62 అంటే అర్థమేంటి?

డె ఫినెట్టి జవాబు తెగువగా ఉంటుంది. ఆ 62 బంతిలో లేదు, గ్రౌండ్‌లో లేదు, ప్రకృతిలో ఎక్కడా లేదు. అది చెప్పే మనిషిలో ఉంది. ఆ మనిషికి తెలిసినంతలో, ఆ చీటీకి అతను న్యాయం అనుకునే ధర అది. సంభావ్యత అనే వస్తువు బయట లోకంలో ఉండనే ఉండదని ఆయన ఎంత గట్టిగా అన్నాడంటే, తోటి గణితజ్ఞులు చాలామంది చిరాకు పడ్డారు. ఎవడి అంకె వాడిదైతే ఇంక లెక్క ఎందుకు, నోటికొచ్చింది చెప్పొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది.

నోటికొచ్చింది చెప్పడం కుదరదు అనడానికే ఆయన ఒక కిటుకు పెట్టాడు. మన ఇళ్ళలో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు ఒకడు భాగాలు చేస్తాడు, ఇంకొకడు ముందు ఎంచుకుంటాడు. భాగాలు చేసేవాడు మోసం చేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఏ ముక్క తన వంతుకొస్తుందో వాడికి తెలీదు. డె ఫినెట్టి పందెం కూడా అంతే. ధర నువ్వు చెప్పాలి. కొనాలా అమ్మాలా అన్నది అవతలివాడు చెప్తాడు. అప్పుడు ఎక్కువ చెప్పినా నష్టం, తక్కువ చెప్పినా నష్టం. నిజంగా నమ్మిన అంకె ఒక్కటే మిగులుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. గెలుపు 50, డ్రా 20, ఓటమి 20 అని చెప్పావనుకో. మొత్తం 90. నేను మూడు చీటీలూ నీ దగ్గర 90కి కొంటాను. మ్యాచ్ ఏమైనా కానీ ఏదో ఒక చీటీకి 100 వస్తుంది. ఆట చూడకుండానే నాకు 10 లాభం. గెలుపు 60, డ్రా 30, ఓటమి 25 అన్నావా, మొత్తం 115. ఈసారి మూడూ నీకు అమ్ముతాను, 15 మిగుల్చుకుంటాను. ఖాయమైన నష్టం తప్పించుకోవాలంటే మూడూ కలిపి సరిగ్గా 100 ఉండాలి. మనం పుస్తకంలో బట్టీ కొట్టే సంభావ్యతల మొత్తం ఒకటి అనే సూత్రం ఇలా జేబు కాపాడుకునే జాగ్రత్తలోంచి పుట్టుకొచ్చింది. కూడికే కాదు, గుణకార సూత్రాన్ని కూడా ఆయన ఇదే దారిలో రాబట్టాడు. ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ రామ్సే అనే కుర్రాడు కూడా విడిగా ఇలాంటి ఆలోచనే 1926లో రాసి, 1930లో 26 ఏళ్ళకే చనిపోయాడు. ఇటలీలో ఈయన దాన్ని జీవితమంతా మోశాడు. 1935లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు 1937లో అచ్చయ్యాయి. ఆ సిద్ధాంతానికి అదే మూలగ్రంథం.

మరి అనుభవం నుంచి ఎలా నేర్చుకుంటాం? దీనికి ఆయన ఇచ్చిన జవాబుని మార్కాపురం పలకలతో చెప్పుకోవచ్చు. ఒక కట్టలోంచి ఇరవై పలకలు తీసి చూస్తే మూడింటికి చీలిక ఉంది. మొదటి మూడింటికా, చివరి మూడింటికా అన్నది మన దృష్టిలో లెక్కలోకి రాకపోతే, అంటే వరుస మార్చినా మన అంచనా మారకపోతే, చూసిన పలకలు చూడని పలకల గురించి చెప్పగలవు. ఆ వరుస పట్టింపు లేకపోవడం అనే ఒక్క షరతు నుంచి ఆయన నిరూపించిన సిద్ధాంతం ఇవాళ్టికీ గణాంకశాస్త్రంలో మూలస్తంభం.

ఆయన జీవితంలో మెచ్చుకోలేని భాగం కూడా ఉంది. యవ్వనంలో ముస్సోలినీ ఫాసిజాన్ని సమర్థించాడు. అదే ప్రభుత్వం ఆయనకి తిరిగి ఇచ్చింది ఏమిటో చూడండి. 1939లో ప్రొఫెసర్ పోస్టు పోటీలో నెగ్గితే, పెళ్ళికానివాళ్ళకి ఆ ఉద్యోగం ఇవ్వరాదనే అప్పటి నిబంధన అడ్డొచ్చింది. యుద్ధం అయిపోయాక 1946లో గానీ కుర్చీ దక్కలేదు. తర్వాత ఆయన రాజకీయాలు పూర్తిగా మారాయి. ముసలితనంలో రాడికల్ పార్టీ పత్రికకి బాధ్యుడిగా ఉంటూ, సైన్యంలో చేరం అనే యువకుల పక్షాన నిలబడ్డాడు. 1977లో, 71 ఏళ్ళ వయసులో, ఆయన పేరున అరెస్టు వారెంటు వస్తే దాక్కోలేదు. తనే నడుచుకుంటూ రోమ్‌లోని రెజీనా కొయెలి జైలు దగ్గరికి వెళ్ళాడు.

1954లో రోమ్ యూనివర్సిటీకి వచ్చాక జరిగిందే నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. ఇటలీలో ఫుట్‌బాల్ పిచ్చి మనకి క్రికెట్ పిచ్చి లాంటిది. 1946 నుంచి అక్కడ టోటోకాల్చో అనే ఫుట్‌బాల్ లాటరీ నడిచేది. సొంత జట్టు గెలిస్తే 1, డ్రా అయితే ఎక్స్, అవతలి జట్టు గెలిస్తే 2. జనం వారం వారం చీటీలు నింపేవాళ్ళు. చీటీలో ఒక మ్యాచ్‌కి ఒక గుర్తే పెట్టాలి, నూటికి ఎంత అని చెప్పే వీలు లేదు. 1960ల మొదట్లో డె ఫినెట్టి ఈ ఆటని క్లాసులోకి తెచ్చి పూర్తిగా మార్చేశాడు. లీగ్ మ్యాచ్‌లకి స్టూడెంట్లు ఒక గుర్తు కాకుండా మూడు అంకెలు రాసివ్వాలి. గెలుపు ఇంత, డ్రా ఇంత, ఓటమి ఇంత. ఫలితం వచ్చాక ఎవరి అంకెలు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కకట్టి పెనాల్టీ వేయాలి. డబ్బు లేదు.

డబ్బు ఎందుకు తీసేశాడు? పందెంలో ఉన్న చిక్కు ఆయనకి బాగా తెలుసు. పందెం కాస్తే అవతల ఒక మనిషి ఉంటాడు. వాడికి మనకి తెలియనిది ఏదైనా తెలుసేమో అన్న అనుమానం మన అంకెని వంచేస్తుంది. డబ్బున్నవాడికి వెయ్యి పోయినా పట్టదు, లేనివాడికి వంద పోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. కాబట్టి ధరలో నమ్మకంతో పాటు భయం, పొగరు, జేబు బరువు అన్నీ కలిసిపోతాయి. ఇప్పటి మార్కెట్లకీ ఈ జబ్బు ఉంది. తెర మీద 62 అంటే జనం సగటు నమ్మకం అని చెప్పలేం. డబ్బు ఎక్కువ పెట్టినవాడి మాటకి అక్కడ బరువెక్కువ. పైగా ఫీజు ఉంటుంది, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య సందు ఉంటుంది. బెట్టింగ్ కంపెనీ ధరలైతే మూడూ కూడితే 100 దాటతాయి. ఆ పైదే వాళ్ళ మిగులు.

పెనాల్టీ లెక్క ఇలా ఉంటుంది. నువ్వు 60, 25, 15 అని రాశావు, అంటే 0.60, 0.25, 0.15. సొంత జట్టు గెలిస్తే అసలు సమాధానం 1, 0, 0. తేడాల వర్గాలు కూడితే 0.16, 0.0625, 0.0225 కలిపి 0.245. డ్రా అయితే 0.945. అవతలి జట్టు గెలిస్తే 1.145. నీ పక్కవాడి నమ్మకమూ 60, 25, 15 అనుకుందాం. కానీ వాడు బడాయికి 100, 0, 0 అని రాశాడు. గెలిస్తే పెనాల్టీ సున్నా, లేకపోతే 2. మీ ఇద్దరి నమ్మకం ప్రకారమే సగటు కడితే నీకు 0.555, వాడికి 0.8. నమ్మినదాన్ని ఉన్నదున్నట్టు రాసినవాడికి ఎదురుచూసే పెనాల్టీ అతి తక్కువ. వాతావరణ సూచనల్ని కొలవడానికి 1950లో బ్రయర్ అనే ఆయన పెట్టిన కొలతే ఇది. డె ఫినెట్టి దాన్ని నిజాయితీకి పరీక్షగా వాడాడు.

గుంపుగా ఆడితే ఇంకో సంగతి బయటపడుతుంది. గెలుపు ఒక్కటే లెక్కలోకి తీసుకుందాం. ఒకడు 80 అన్నాడు, ఇంకొకడు 40. సగటు 60. జట్టు గెలిస్తే ఇద్దరి పెనాల్టీలు 0.04, 0.36, సగటు 0.20. కానీ 60 అన్న సగటు అంచనాకి పెనాల్టీ 0.16 మాత్రమే. గెలవకపోతే ఇద్దరి సగటు 0.40, సగటు అంచనాది 0.36. ఎటు తిరిగినా గుంపు అంకెది గుంపులోవాళ్ళ సగటు కంటే తక్కువ నష్టమే. మార్కెట్ ధరలో ఉన్న బలం కూడా చాలావరకు ఇలాంటిదే. ఎవరో మహాజ్ఞాని ఉండక్కర్లేదు, రకరకాల తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే చాలు.

ఇక మొదట్లో చెప్పిన ఇద్దరు హాస్టల్ మిత్రుల దగ్గరికి వస్తే, ఒక్క మ్యాచ్‌తో 62 తప్పో ఒప్పో తేలదు. గిద్దలూరునే తీసుకోండి. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ మెజారిటీ 81 వేల పైచిలుకు. 2024లో అదే సీటు అవతలి పార్టీకి 973 ఓట్ల తేడాతో వెళ్ళింది. చీటీ మాత్రం రెండుసార్లూ గెలిచినవైపు పూర్తి 100 ఇస్తుంది, ఓడినవైపు సున్నా. 2024లో 50 అని చెప్పినవాడు ఎంత సరిగ్గా చూశాడో అరుగు మీద ఎవరూ గుర్తుపెట్టుకోరు. గట్టిగా అరిచి గెలిచినవాడే మేధావి. నువ్వు 60 అన్న మ్యాచ్‌లు వంద పోగేసి, వాటిలో అరవై దగ్గర్లో గెలిచాయా లేదా అని చూస్తేనే నీ అంకె విలువ తెలుస్తుంది. దానికి రాసిపెట్టుకోవాలి. డె ఫినెట్టి స్టూడెంట్లతో చేయించింది అదే.

నాకు ఈయన కథ ఫుట్‌బాల్ కంటే బోర్ల దగ్గర ఎక్కువ గుచ్చుకుంది. పశ్చిమ ప్రకాశంలో పుట్టినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. కంభం చెరువు నిండిన ఏడు ఒక తీరు, నిండని ఏడు ఇంకో తీరు. వెలిగొండ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి చూపులు. మధ్యలో బోరు. కొబ్బరికాయో వేపపుల్లో పట్టుకుని పాయింటు చూపించే మనిషి పొలమంతా తిరిగి ఒకచోట ఆగి, పడతాయి అంటాడు. నూటికి ఎంత అని ఎవరూ అడగరు. ఆయనా చెప్పడు. నీళ్ళు పడితే పేరు ఆయనకి, పడకపోతే రెండడుగులు పక్కన వేయాల్సిందనో, ఇంకో వంద అడుగులు దింపాల్సిందనో మాట. అప్పు మాత్రం రైతుది. అది కూడా పందెమే. ధర చెప్పకుండా కాయించే పందెం, చెప్పినవాడికి పెనాల్టీ లేని పందెం.

ఆయనే చూపించిన పాయింట్లలో ఎన్ని పడ్డాయి, ఎన్ని ఎండాయి అని ఊళ్ళో ఒక నోటుబుక్కు ఉంటే? పెద్ద ఖర్చు లేదు. తేదీ, పాయింటు, నూటికి ఎంత అన్నాడు, ఏమైంది. నాలుగు గడులు. జియాలజిస్టు చెప్పినా, పుల్ల పట్టినాయన చెప్పినా అదే బుక్కు. రెండు మూడేళ్ళలో ఎవరి అంకెకి ఎంత విలువ ఇవ్వాలో బుక్కే చెప్తుంది. మనం ఇంజనీరింగ్ చదివి ఊరికి ఇవ్వగలిగేది ఇంత చిన్నదైనా ఇవ్వొచ్చు కదా అని నాకనిపిస్తోంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కాబట్టి ధర చూసి చేతులు దురద పెట్టేవాళ్ళకి డె ఫినెట్టి ఆటే దిక్కు, అదృష్టవశాత్తూ అదే మంచి ఆట కూడా. ఒక షీట్, మూడు అంకెలు, ఆదివారం ఉదయం లెక్క. సెమిస్టర్ చివర్లో ఎవరి మొత్తం తక్కువుంటే వాళ్ళకి ఒక టీ.

ఆయన 1976లో రిటైరయ్యాడు. 1970లో ఇటలీ భాషలో వచ్చిన పెద్ద పుస్తకం నాలుగేళ్ళకి ఇంగ్లీషులోకి వచ్చి, అప్పటికి లోకం ఆయన దారికి కొంచెం కొంచెంగా రావడం మొదలైంది. 1985 జూలై 20న రోమ్‌లో చనిపోయాడు. ఆ తర్వాత మూడేళ్ళకి, 1988లో, అమెరికాలో అయోవా యూనివర్సిటీ ఎన్నికల మీద చీటీలు కొనీ అమ్మే మొదటి మార్కెట్ తెరిచింది. అక్కడి తెర మీద కదిలే ధరని ఆయన చూడలేదు. చూసుంటే ఈ ధర ఎవరిది అని ముందు అడిగేవాడేమో.